వెంట్రాలిస్ యాంథియాస్ హనుమకొండలో బతుకుతదా? పైసలు కట్టే ముందు ఇది చదువు

తమ్మీ, నువ్వు అడిగింది క్లుప్తంగ మళ్లీ రాస్తున్న, చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలె గద. నయీంనగర్‌లో మూడు ఫీట్ల మెరైన్ (ఉప్పునీళ్ల) ట్యాంకు, నడవబట్టి ఎనిమిది నెలలు, లోపల రెండు క్లౌన్ చేపలు, నీళ్లు 27 డిగ్రీల చుట్టూ. హైదరాబాద్ డీలర్ ఇంపోర్ట్ లిస్టులో వెంట్రాలిస్ యాంథియాస్ అనే చిన్న సముద్రపు చేపను చూసి మనసు పారేసుకున్నవు. జంటకు సగం పైసలు ముందే కట్టమంటున్నడు. ఎండాకాలం ఫ్యాన్ పెడితే సరిపోతదా, పొద్దుగాల ఒకసారి మాపటికి ఒకసారి మేత వేస్తే బతుకుతదా అన్నది నీ ప్రశ్న.

ఈ ఏడు కట్టకు. ముందు ఆ చేప లేకుండనే నీ ట్యాంకును 23 డిగ్రీల మీద ఒక రోహిణి కార్తె, ఒక ముసురు కాలం నడిపించి చూడు. నడిస్తే అప్పుడు చేప సంగతి మాట్లాడుదం. నడవకపోతే నీ పైసలు నీ జేబులోనే ఉంటయి. ఎందుకు ఇంత గట్టిగ అంటున్ననో వివరంగ రాస్తున్న, పొడుగైతది.

ముందు అది ఎక్కడ బతికే చేపనో చూద్దం. పసిఫిక్ మహాసముద్రం దానిది. 1979లో జాన్ రాండల్ దానికి శాస్త్రీయంగ పేరు పెట్టిండు. పగడపు దిబ్బల చేపల్లో వందల జాతులకు పేరు పెట్టిన మనిషి ఆయన. పెద్దదైనా ఏడు సెంటీమీటర్లు దాటదు. ఊదా, పసుపు, గులాబీ కలిసిన ఆ రంగు చూసి ఎవలైనా పడిపోతరు, నీ తప్పేం లేదు. కానీ ఫోటోలో నువ్వు చూసింది కెమెరా ఫ్లాష్ వెలుగుకు కనపడే రంగు. 25 మీటర్ల కాడ మొదలుపెట్టి 120 మీటర్ల దాకా ఉంటది ఈ చేప, ఎక్కువగ కనపడేది 40 మీటర్ల కింద. సముద్రపు నీళ్లు ఎర్ర వెలుగును పై పది మీటర్లలోనే దాదాపు మింగేస్తయి, అంత లోతుకు చేరేది నీలమే. 30 నుంచి 150 మీటర్ల మధ్య ఉండే ఆ మసక దిబ్బలను మీసోఫోటిక్ దిబ్బలంటరు. పుట్టినప్పటి నుంచి అట్లాంటి చోట, రాతి గూళ్ల నీడన బతికిన చేపను తీసుకొచ్చి ఫుల్లుగ వెలిగే తెల్ల ఎల్ఈడీ కింద వదిలితే ఏమైతది? సందులోకి దూరి, ఆకలైనా బయటికి రాదు.

అయితే లైటు కష్టమైన పని కాదు. తెలుపు బంద్ చెయ్యి, నీలం పది పదిహేను శాతం మీద ఉంచు. మొదటి వారం అదీ వద్దు, గదిలో వెలుతురు చాలు. నీ ట్యాంకులో పగడాలు లేవు గనుక ఎవ్వరికీ నష్టం లేదు. (పగడాలు పెట్టే ఆలోచన ఉంటే మానుకో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు ఉన్నయి. మన తీరం నుంచి కొట్టుకొచ్చిన పగడపు రాయిని లైవ్ రాక్ అని చాటుగ అమ్మేటోళ్లు తగులుతరు, వాళ్ల జోలికి పోకు. సిరామిక్ రాయి తెచ్చుకొని గూళ్లలాగ, కప్పులాగ పేర్చుకో. ఈ చేపకు పైన కప్పు కావాలె, ఆ కప్పు కింద తలకిందులుగ ఈదుడు దానికి ఇష్టం. కొత్తోళ్లు అది చూసి చేప చస్తున్నదని కంగారు పడతరు.)

రెండోది ఒత్తిడి. పది మీటర్లు దిగిన కొద్దీ ఒక వాతావరణం పెరుగుతది, పైన ఉన్న మన గాలి కలిపి 60 మీటర్ల కాడ ఏడు. ఈ జాతి చేపల ఈతతిత్తికి (నీళ్లల్లో తేలేందుకు ఒంట్లో ఉండే గాలి సంచి) గొంతులోకి దారి లేదు, మూసిన సంచి అది. అందులో గాలి తగ్గాల్నంటే రక్తం మెల్లగ పీల్చుకోవాలె, గంటలు పడతది. గబగబ పైకి తెస్తే లోపలి గాలి ఏడింతలు ఉబ్బి పేగులను అదుముతది. అందుకే పట్టేటోళ్లు ఆగుకుంట ఆగుకుంట తెస్తరు, లేకపోతే సన్న సూది పక్క నుంచి గుచ్చి గాలి తీస్తరు. ఓపికగ చేసినోడి చేప బతుకుతది. తొందరపడ్డోడి చేప డీలర్ దగ్గర కొన్నాళ్లు తిరిగి, నీ ఇంటికి వచ్చినంక చస్తది. నువ్వేమో నీ నీళ్లను అనుమానించుకుంట కూర్చుంటవు. ఇది నీ చేతిలో లేని పని. నీ చేతిలో ఉన్నది చూసి కొనుడు, అది చివర్లో చెప్త.

ఇగ అసలు సంగతికొద్దం. వేడి.

ఈ చేపకు నేను గీసే గీత 22 నుంచి 24. 25 అయితే ఓర్చుకుంటది. 27లో దాని ఒంట్లో ప్రతి పనీ ఉరుకుల మీద నడుస్తది. ఊపిరి పెరుగుతది, తిన్నది ఊరికే కరిగిపోతది, అదే టైంల నీళ్లల్లో ఆక్సిజన్ తగ్గుతది. సముద్రపు ఉప్పు ఉన్న నీళ్లు 24 డిగ్రీల కాడ లీటరుకు దాదాపు 6.9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటయి, 30 కాడ 6.2. తేడా చిన్నగనే కనపడ్తది గాని, నిమిషం ఆగకుండ కదిలే యాంథియాస్‌కు అది చిన్నది కాదు.

ఫ్యాన్ సంగతి మనోళ్లలో చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటరు. మే నెల ఎండకు భయపడి ఫ్యాన్ కొంటరు, వానలు పడంగనే గండం గట్టెక్కిందనుకుంటరు. లెక్క చూడు. మేలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్ననాడు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 కాడ ఆగుతది. ఫ్యాన్ గాలికి నీళ్లు చల్లబడేది ఆ గీత దాకనే, దాని కిందికి పోవు. మోటార్ల వేడి కలుపుకొని నీ ట్యాంకు 26 కాడ నిలబడొచ్చు. అదే జూలైలో ముసురు పట్టి బయట 31, తేమ 80 శాతం అనుకో. ఆనాడు తడి థర్మామీటరే 28 చూపిస్తది. నాలుగు ఫ్యాన్లు పెట్టినా 28 కిందికి ఒక్క పాయింటు దిగదు. ఫ్యాన్ మీద నమ్మకం పెట్టుకున్న ట్యాంకులు మన దిక్కు దెబ్బ తినేది జూలై, ఆగస్టులోనే.

దీనికి తోడు ఇంకోటి ఉన్నది, పుస్తకాల్లో రాయరు. ట్యాంకు ఉన్న గదిలో నువ్వు ఎయిర్ కూలర్ నడుపుతవా? మన ఇండ్లల్లో ఏప్రిల్ వచ్చిందంటే నీళ్ల కూలర్ లేని గది ఉండదు. నీకు హాయిగ ఉంటది, కానీ కిటికీ మూసి కూలర్ వేస్తే గది తేమతో నిండిపోతది, ఫ్యాన్ గాలికి నీళ్లు ఆవిరయ్యుడు తగ్గిపోతది. "కూలర్ వేసినం గద, ట్యాంకు ఇంకా చల్లబడాలె" అనుకుంటరు, ఎక్కేది ఎక్కుతనే ఉంటది. కూలర్ వేస్తే ఎదురుంగ కిటికీ తెరువు, లేదా ట్యాంకు ఉన్న గదిలో వేయకు.

ఆవిరి బలం తక్కువదేం కాదు. నీ 36×18×18 అంగుళాల ట్యాంకు లెక్కకు 190 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోను 160 అనుకో. ఒక్క లీటరు ఆవిరైతే ఆ 160 లీటర్ల నుంచి మూడున్నర డిగ్రీల వేడి పట్టుకపోతది. కాకపోతే పోయేది నీళ్లే, ఉప్పు లోపలనే మిగుల్తది. రోజూ తగ్గినంత ఆర్ఓ నీళ్లు పోయకుంటే వారం తిరిగేసరికి ఉప్పు గీత దాటుతది. చేత్తో పోసుడు మర్చిపోతవు, తగ్గిన నీళ్లను తనే నింపే ఆటోమేటిక్ టాప్ ఆఫ్ పెట్టుకో.

మొత్తానికి క్లౌన్‌లకు ఫ్యాన్ చాలు, వెంట్రాలిస్‌కు చిల్లర్ (ఫ్రిజ్ లాగ నీళ్లను చల్లబరిచే మెషిన్) తప్పదు. డబ్బా మీద నీ సైజు ట్యాంకుకు హెచ్‌పీలో పదో వంతు చాలని రాసి ఉంటది. ఆ రాత చల్లటి గదుల కోసం రాసింది. 38 డిగ్రీల గదిలో 23కు దింపాల్నంటే పావు హెచ్‌పీకి తక్కువ తీసుకోకు. చిన్నది తీసుకుంటే పొద్దంతా ఆగకుండ నడిచి, కరెంటు బిల్లు పెద్దదానికంటె ఎక్కువ తెస్తది, కంప్రెసర్ రెండో ఎండాకాలం చూడదు. ఇంకా ముఖ్యంగ, చిల్లర్ వేడిని మాయం చేయదు, నీళ్లల్లో నుంచి తీసి వెనక నుంచి గదిలోకి ఊదుతది. దాన్ని స్టాండు అల్మారీలో పెట్టి తలుపు మూస్తే తను ఊదిన వేడినే తను మళ్లీ పీలుస్తది. బాల్కనీలో ఎండ తగలని మూలకు, లేకపోతే వెనక సజ్జ కింద పెట్టి పైపులు గోడలో నుంచి తీసుకో. ఆ పైపులకు ఏసీ మెకానిక్‌లు తొడిగే నల్ల ఫోమ్ తొడిగించు. నెలకోసారి వెనక జాలీలో దుమ్ము బ్రష్‌తో తియ్యి. కరీంనగర్ రోడ్డు పొంటి ఉన్నోళ్లయితే నెల దాకా ఆగకండి.

పగలూ రాత్రీ ఏసీ నడిచే గది ఉంటే చిల్లర్ మీద భారం సగం తగ్గుతది. కాకపోతే తలుపులు మూసిన గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ నిండి పీహెచ్ 7.8కు జారుతది. స్కిమ్మర్ (గాలిబుడగలతో నీళ్లల్లో మురికి తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ బయటికి తీస్తే చాలావరకు సర్దుకుంటది. చలికాలం సంగతి మర్చిపోకు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మన ఇండ్లల్లో నీళ్లు 20 కిందికి జారొచ్చు, 100 వాట్ల హీటర్ ఒకటి 22 మీద పెట్టి వదిలెయ్యి. చిల్లర్ 23 మీద, హీటర్ 22 మీద. రెండిటి మధ్య సందు లేకపోతే ఒకటి వేడి చేస్తుంటే ఒకటి చల్లార్చుకుంట కూర్చుంటయి.

కరెంటు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం వచ్చి తీగలు తెగితే ఎప్పుడొస్తదో చెప్పలేం. అప్పుడు చేపను ముందు చంపేది వేడి కాదు, ఊపిరాడకపోవుడు. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే నీళ్లను ట్యాంకులోకి తోసే రిటర్న్ మోటారు, లోపల నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ దాని మీద పెట్టు. రెండూ కలిపి యాభై అరవై వాట్లే, రాత్రంతా నడుస్తయి. చిల్లర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టకు, అది స్టార్ట్ అయ్యేటప్పుడు గుంజే కరెంటుకు ఇన్వర్టర్ ట్రిప్ అయితది. చల్లదనానికి డీప్ ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు గడ్డ కట్టించి పెట్టుకో. రెండు లీటర్ల ఐసు సీసా 160 లీటర్లను డిగ్రీకి కొంచెం పైననే దింపుతది. ఒకటి కరిగినంకనే ఇంకొకటి సంప్‌లో (ట్యాంకు కింద ఫిల్టర్ సామాను ఉండే తొట్టి) వెయ్యి, ఒకేసారి నాలుగు వేస్తే చేపకు షాకు కొడ్తది. సీసా మూత గట్టిగ ఉన్నదో లేదో చూడు, సీసాలోని నల్లా నీళ్లు ట్యాంకులో కలవొద్దు.

నీళ్ల గురించి తొందరగ చెప్పి పోత, ఎందుకంటే క్లౌన్‌లను ఎనిమిది నెలలు పెట్టినవంటే సగం తెలిసే ఉంటది. బోరు నీళ్లు వద్దే వద్దు. నల్లా నీళ్లు నేరుగ వద్దు. ఇంట్లో తాగే ఆర్ఓ మెషిన్ కూడా సరిపోదు, రుచి కోసం అందులో కొంచెం పచ్చి నీళ్లు మళ్లీ కలుపుతరు. 20 లీటర్ల వాటర్ క్యాన్ల సంగతి చెప్పనే వద్దు, ఒక్కో వారం ఒక్కో టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క). ఆర్ఓ తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసే డీఐ కార్ట్రిడ్జ్ పెట్టి టీడీఎస్ మీటరు మీద సున్నా చూసినంకనే ఉప్పు కలుపు. లీటరుకు 35 గ్రాముల లెక్కన 160 లీటర్లకు ఐదున్నర కిలోల పైన పడుతది. రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పు సాంద్రత కొలిచే పరికరం) 1.025 చూపించాలె. ముల్లు తిరిగే హైడ్రోమీటర్‌ను నమ్మకు, దాని ముల్లుకు చిన్న గాలిబుడగ అంటుకున్నా తప్పు చూపిస్తది.

ఇప్పుడు మేత. నిజం చెప్పాల్నంటే చిల్లర్ పైసలతో కొనొచ్చు, మేత మాత్రం ప్రతి పూట నువ్వే చేసుకోవాలె.

యాంథియాస్‌లు పొద్దంతా ప్రవాహానికి ఎదురు నిలబడి, కొట్టుకొచ్చే పిసరంత జీవులను ఒక్కొక్కటి ఏరుకొని తింటయి. కడుపు చిన్నది, పేగు చిన్నది, నిల్వ పెట్టుకునే పద్ధతి లేదు. రెండు పూటలా గుప్పెడు వేస్తే నాలుగు నోట్లకు తిని మిగిలింది కిందికి వదిలేస్తయి, పన్నెండు గంటలు పస్తుంటయి. రోజుకు ఐదారు సార్లు, చిటికెడు చిటికెడు వేయాలె. కొత్తగ వచ్చిన వెంట్రాలిస్ తినేది దగ్గర కూర్చొని చూసేటట్టు ఉంటది. గూటి కప్పు కింద తలకిందులుగ ఆగి, కన్ను ఒక్కటే తిప్పుతది. ఎదురుంగ ఒక రేణువు వస్తది. ముందుకు జరగదు, ముక్కు ముందుకొచ్చిన దాకా ఆగి, టక్కున నోట్లోకి గుంజి, వెంటనే ఉమ్మేస్తది. మళ్లా ఇంకోటి, మళ్లా ఉమ్ముడు. ఉమ్మే చేపను చూసి నిరాశ పడకు. రేణువును తిండిలాగ గుర్తుపట్టింది, అది మంచి గుర్తే. కన్ను కూడా తిప్పకుండ రేణువులను పోనిచ్చే చేప గురించి భయపడాలె.

అట్లాంటి దానికి మొదటి మేత బతికున్న ఆర్టీమియా (ఉప్పునీళ్ల పిసరంత రొయ్యలాంటి జీవి) పిల్లలు. ఈ ఒక్క విషయంలో మన రాష్ట్రాల్లో అదృష్టమే, ఆంధ్ర తీరం పొంటి రొయ్యల హ్యాచరీలున్నయి గనుక ఆర్టీమియా గుడ్ల డబ్బాలు దొరుకుడు కష్టం కాదు. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగ నిలబెట్టు, లీటరు నీళ్లల్లో 25 గ్రాముల ఉప్పు, కింద నుంచి గాలి గట్టిగ, పక్కన ఒక బల్బు. 28 డిగ్రీల కాడ ఒక రోజులో పొదుగుతయి. ఎండాకాలం మనకు హీటర్ కూడా అక్కర్లేదు. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పొట్టు పైకి తేల్తది, నారింజ రంగు పిల్లలు వెలుతురు దిక్కు చేరుతయి. సన్న గొట్టంతో వాటినే తీసి, జాలీలో వడకట్టి కడిగి వెయ్యి. పొదిగిన నాడే వాడు. తెల్లారి దాకా ఉంచితే కడుపులో పచ్చసొన కరిగిపోయి చేపకు మిగిలేది ఉత్త పెంకు.

చేప తిండికి అలవాటు పడ్డంక గడ్డకట్టిన కాలనస్, సైక్లాప్స్, చిన్న మైసిస్ లాంటి రొయ్యజాతి పిసరు జీవుల మీదికి మెల్లగ మళ్లించు. ఈ ఫ్రోజెన్ సరుకు హైదరాబాద్ నుంచి వరంగల్‌కు తెచ్చుడు ఒక తలనొప్పి. ఉప్పల్‌లో బస్సెక్కేసరికి సగం కరుగుతది, ఇంటికొచ్చి మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే గడ్డ కడ్తది గాని లోపల సరుకు పాడైపోతది, నీళ్లల్లో వేస్తే మబ్బులాగ విచ్చుకుంటది. మందమైన థర్మకోల్ పెట్టెలో, ఐస్ ప్యాకుల మధ్య, పొద్దుగాల మొదటి బండికి తెచ్చుకో. మన ఆక్వేరియం షాపుల్లో దొరికే ట్యూబిఫెక్స్, బ్లడ్‌వార్మ్స్ మంచినీళ్ల చేపల తిండి, దీనికి వద్దు.

ఇక్కడొక ముడి ఉన్నది, దీన్ని విప్పకుంటే చిల్లర్ పెట్టినా లాభం లేదు. ఐదారు సార్లు మేత అంటే మురికి కూడా ఎక్కువే. ఆ మురికి నుంచి పుట్టే నైట్రేట్ లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపల ఉంటేనే ఈ చేప నెమ్మదిగ ఉంటది. తిండి తగ్గిస్తే చేప ఎండిపోతది, తగ్గించకపోతే నీళ్లు పాడైతయి. స్కిమ్మర్ 160 లీటర్లకు కాకుండ 400 లీటర్లకు చెప్పే సైజు కొను, ఫిల్టర్ దూది రెండు రోజులకోసారి మార్చు, సంప్‌లో ఒక మూల కీటోమార్ఫా నాచు పెట్టి రాత్రిపూట లైటు వెయ్యి, వారానికి పదో వంతు నీళ్లు మార్చు. నువ్వు ఉద్యోగానికి పోయే మనిషివైతే మధ్యాహ్నం ఎవరు వేస్తరు? పొడి మేత వేసే ఆటో ఫీడర్ ఉన్నది, కానీ వెంట్రాలిస్ పొడి మేత ముట్టుడు అరుదు. ఇంట్లో అమ్మకో చెల్లెకో నేర్పించు, చిన్న సిరంజీల్లో డోసులు ముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టు. మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోతే ఆ నాలుగు రోజులు ఎవరు మేపుతరు అన్నది ఇప్పుడే ఆలోచించుకో. క్లౌన్‌లు నాలుగు రోజులు పస్తుంటయి, ఏం కాదు. ఇది ఉండలేదు.

జబ్బుల్లో తెల్లమచ్చలు, వెల్వెట్ అందరికీ తెలిసినయే. యాంథియాస్‌లకు వాటికంటె ముందు యూరోనీమా అనే కంటికి కనపడని పురుగును చూసుకోవాలె. పక్క మీద ఎర్రగ కమిలినట్టు పుండు లేస్తది, రెండు మూడు రోజుల్లో చేప పోతది. ఇది చేప లేకున్నా నీళ్లల్లో బతికే పురుగు, రాగి మందుకు లొంగదు. అందుకే కొత్త చేపను నేరుగ పెద్ద ట్యాంకులో వేసుడు మానుకో. నలభై యాభై లీటర్ల చిన్న ట్యాంకు, అదీ 23 మీదనే, మూడు దిక్కుల నల్ల కాగితం, లోపల పీవీసీ ముక్కలు, నెలన్నర. వచ్చినరోజు సంచిలోకి చుక్క చుక్క ట్యాంకు నీళ్లు కలిపే డ్రిప్ పెట్టి గంటల తరబడి కూర్చోకు. ఎన్నో గంటలు మూసున్న సంచిలో అమోనియా చేరి ఉంటది, లోపల పీహెచ్ తక్కువ ఉన్నంతసేపు అది చేపకు అంత హాని చెయ్యదు. సంచి విప్పంగనే పీహెచ్ లేస్తది, అమోనియా విషమైతది. డీలర్‌ను అడిగి ఆయన నీళ్ల ఉప్పు ఎంతనో ముందే తెలుసుకొని చిన్న ట్యాంకును దానికి సమానం చేసిపెట్టు. సంచిని పదిహేను నిమిషాలు తేలనిచ్చి, విప్పి, నీళ్లు పారబోసి, చేపను వదులు. ఉప్పు తర్వాత రోజుల్లో మెల్లగ పెంచుకోవచ్చు. హైదరాబాద్ నుంచి ఏసీ కార్లో, రాత్రిపూట తీసుకరా.

నీ క్లౌన్‌ల సంగతి కూడా చెప్పాలె. వెంట్రాలిస్ ఉన్న ట్యాంకులో అవి ఉండొద్దు. పెద్దగ కొట్టవు గాని, మేత పడంగనే అవే ముందు ఉరికి తింటయి, ఇది గూట్లె నుంచి బయటికే రాదు. కొట్లాడే డామ్‌సెల్ చేపలు అసలే వద్దు. వెంట్రాలిస్‌లో కూడా రెండు మగవి పెట్టకు, కొట్టుకొని ఒకటే మిగుల్తది. ఈ జాతిలో అన్నీ ముందు ఆడవిగ పెరిగి, మగది పోయిననాడు పెద్ద ఆడది మగదిగ మారుతది. అందుకే అడిగితే ఒక మగ, రెండు ఆడ, ఒకేసారి. మూడు ఫీట్ల ట్యాంకుకు అదే ఎక్కువ. పైన జాలీ మూత తప్పనిసరి.

ఇదంతా చదివి గుండె జారితే, లోతు నీళ్ల చేప ముచ్చట తీర్చుకునే దారి ఇంకోటున్నది. హెల్ఫ్రిచ్ ఫైర్‌ఫిష్ చూడు. అదీ 25 నుంచి 90 మీటర్ల లోతు చేపనే, ఊదా ఒళ్లు, పసుపు మొహం, ఆరు సెంటీమీటర్లు. ధర తక్కువేం కాదు, కానీ తిండికి మొండికెయ్యదు, 25 మీద ఉంటది, రోజుకు మూడుసార్లు మేత చాలు. భయపడితే ఎగురుతది, మూత లేని ట్యాంకులో పొద్దుగాల నేల మీదనే దొరుకుతది. అది కూడా ధర ఎక్కువనిపిస్తే దాని చుట్టమే పర్పుల్ ఫైర్‌ఫిష్ ఉన్నది. యాంథియాస్‌నే పెట్టాలని పట్టుంటే లైర్‌టెయిల్‌తో మొదలుపెట్టు. తక్కువ లోతు చేప, పొగరుది, 26 మీద మంచిగుంటది, దానికి ఏడాది పాటు ఐదు పూటలా మేత వేస్తే నీ ఓపిక, నీ స్కిమ్మర్ రెండూ తెలిసిపోతయి. లైర్‌టెయిల్ పెద్దగైతది గనుక మూడు ఫీట్లలో ఒక్కటే పెట్టు. కేరళ విజింజంలో ఉన్న సీఎంఎఫ్‌ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వాళ్లు మార్సియా యాంథియాస్‌ను ట్యాంకులోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచిండ్రు. అట్ల ఇక్కడ పుట్టిన చేపలు అమ్మకానికి వచ్చిననాడు నేనైతే వెంట్రాలిస్ పేరు కూడా ఎత్తను.

డీలర్ సంగతి. అడ్వాన్స్ కట్టమనుడు తప్పేం కాదు, అంత ధర చేపను ఎవరూ ఊరికే తెప్పించరు. కానీ షరతు రాయించుకో. చేప వచ్చినంక రెండు వారాలు ఆయన దగ్గరనే ఉండాలె, ఆ తర్వాత నువ్వు చూసినంకనే మిగతా పైసలు. ఫోన్లో వీడియోతో సరిపెట్టుకోకు, మొదటి వారం వీడియోలో అందరి చేపలూ తింటయి. నువ్వే పో. పోయినంక లైటు తగ్గించమని చెప్పి పది నిమిషాలు ఊరికే నిలబడు. తోక పైకి, తల కిందికి పెట్టి, ఆగంగనే పైకి తేలుకుంట పోతుంటే ఈతతిత్తి దెబ్బతిన్నది, వదిలెయ్యి. కప్పు లేని చోట మామూలుగ ఈదుతున్నదా చూడు, గూట్లో తలకిందులున్నదాన్ని లెక్క చెయ్యకు. కన్ను ఉబ్బి, లోపల బుడగ కనపడితే వద్దు. మలద్వారం దగ్గర ఎర్రగ వాచి ఉంటే వద్దు. పై నుంచి చూసినప్పుడు తల వెనక కండ నిండుగ ఉండాలె, కత్తి అంచులాగ సన్నబడ్డదంటే అది చాలా రోజులుగ తినలేదు, ఇగ తినదు. ఆయన మేత వేసేటప్పుడు ఏం వేస్తున్నడో ప్యాకెట్ చూసి అదే కొనుక్కో, ఇంటికొచ్చిన మొదటి వారం అదే వెయ్యి. నీళ్లు ఎన్ని డిగ్రీల మీద ఉంచిండో అడుగు. "28, ఏం కాదు సార్, అలవాటు పడ్డది" అంటే అడ్వాన్స్ వాపసు అడిగి బయటికి రా.

ఇప్పుడైతే చిల్లర్ కొనే ముందు నాకు మూడు ముక్కలు రాయి: నీ సంప్ ఎంత పొడుగు, స్కిమ్మర్ ఏ మోడల్, ట్యాంకు ఉన్న గోడకు అవతల ఏమున్నది. బాల్కనీ ఉంటే పని సులువు. పక్కింటోళ్ల పడకగది ఉంటే చిల్లర్ చప్పుడుకు వాళ్లు ఊరుకోరు, పైపుల దారి వేరే చూడాలె.